ఇరవై ఎనిమిదో సంచి

మిరుగు కార్తెల పైసలు కట్టాలన్నరు,
ఇంటికి తొమ్మిది వేలు, ఏడాది కూరగాయలకు.
అప్పటికింకా చెల్కల ఒక్క విత్తు పడలేదు.
ఏది పండితే అదే ఇస్తమన్నరు.
పండకపోతే?
పండకపోతే అందరం అదే తిందాం, అన్నది ఈదమ్మ,
చండూరు అవతలి ఎర్రమన్ను మనిషి,
నవ్వకుండనే.

నా దగ్గర తొమ్మిది వేలు ఎక్కడివి,
రామగిరి గల్లీల కుట్టుమిషన్ తొక్కేదాన్ని.
సగం పైసలు, సగం సంచులు అన్న.
ఇరవై ఎనిమిది ఇండ్లకు ఇరవై ఎనిమిది కుట్టిన.
ఎవరి జాకెట్ ముక్క మిగిలితే వాళ్ళ సంచికి ఆ అంచు.
లెక్కల టీచరమ్మది నెమలికంఠం రంగు,
మేడ మీది సుగుణక్కది జరీ,
బ్యాంకుల చేసి దిగిన అనంతరాములు సారుకు
ఇంట్ల ఆడవాళ్ళు లేరు,
ఆయన ప్యాంటు పొట్టి చేసినప్పటి బూడిద రంగు ముక్క.

శనివారం పొద్దున ఆరున్నరకు
జానిమియా ఆటో నా అరుగు ముందట ఆగుతది.
మొదటి నెల తోటకూర. తర్వాత తోటకూర.
పుంటికూర, గోకరకాయ, పురుగు కొరికిన వంకాయలు.
పురుగు తిన్నదంటే మందు కొట్టలేదని అర్థం, అని
సారే మాకు పాఠం చెప్పిండు.
శ్రావణంల బీరకాయ మొదలైంది, ఇగ ఆగలేదు.
పప్పేసి, పాలు పోసి, పొట్టు కూడ పచ్చడి నూరి,
ఆఖరికి నా బిడ్డ నోటుబుక్కుల
బీరకాయ బొమ్మ గీసి ఇంటు కొట్టింది.

అంతకు ముందు వానంటే నాకు
రాని గిరాకీ, ఆరని ఫాల్స్ గుడ్డ.
ఇప్పుడు కాలు మిషన్ మీద, చెవి రేకుల మీద.
చండూరు దిక్కు మబ్బు పడితే ఫోన్ చేసి అడుగుత,
పడ్డదా?
నాకు గుంట భూమి లేదు.
అయినా అడుగుత.

దసరా ఎల్లినంక బోరు ఆగింది.
మూడు వందల ఎనభై ఫీట్ల కింద
దుమ్ము దగ్గిందట.
ఆ శనివారం సంచులు అల్కగ దిగినయి.
లోపల గుప్పెడు గంగవాయిలికూర,
ఎవరూ విత్తనిది, గెట్టు మీద దానంతటదే మొలిచేది.
ఒక పొట్లంల అనుములు,
విత్తనానికి దాచుకున్నయేమో.
చిట్టీ లేదు, మాట లేదు.

సారు సంచి తలకిందులు చేసి దులిపిండు.
వారానికింత, కిలోకింత, కాయితం మీద గీత గీసి
తొమ్మిది వేలకు లెక్క అడిగిండు.
లెక్కల తప్పు లేదు.
నేను సూది పంటి కింద పట్టుకొని కూసున్న.
కత్తెర పడ్డ గుడ్డ మళ్ళ దుకాణానికి పోదు,
ఇగ కుట్టుకోవాలె, అని
చెప్పొచ్చు, నోరు రాలేదు.
సంచి నా బల్ల మీద పడేసి
అంచు విప్పుకో, దేనికన్న పనికొస్తది, అని పోయిండు.

విప్పలేదు. మేకుకు తగిలించిన.

ఆ రాత్రి గంగవాయిలి పప్పు.
పుల్లగ, కొంచెం జిగటగ,
ఎంత కడిగినా ఒక్క ఇసుకరవ్వ పంటికి తగిలింది.
బిడ్డ ఏమనకుండ తిన్నది.
బీరకాయ కాదు గద.

పక్క బాయోళ్ళను బతిమాలి, రోజుకు గంట నీళ్ళు తెచ్చుకొని
మిగిలిన అనుములు పెట్టిందట ఈదమ్మ.
పుష్యం చలిల కాయ దిగింది.
జానిమియా సంచులు దించుకుంట లెక్క పెడుతున్నడు,
ఇరవై ఆరు, ఇరవై ఏడు.
ఆటోల ఇంకో కుప్ప, విడిగ, గోనెపట్టా మీద.
మేకు దిక్కు చూసి చెయ్యి చాపిండు.
ఆయన మానుకున్నడు గదా, అన్న.
ఈదమ్మకు ఇరవై ఎనిమిది ఇండ్ల లెక్కనే వచ్చట,
ఇరవై ఏడు రాదట,
అన్నడు పాన్ నములుకుంట.

మిషన్ మీద గుడ్డ కప్పినంక, చీకట్ల పోయి
సారు గేటుకు తగిలించి వచ్చిన.
బెల్లు కొట్టలేదు.

ఆదివారం పొద్దున పాలకు పోతూ చూసిన.
సంచి గేటుకే ఉన్నది, ఖాళీగ,
నాలుగు మడతలు పెట్టి.
ముట్టుకుంటే
అంచు కాడ ఇంకా తడి.