నీడలో ఉన్నామని

షార్జా, సజ్జా క్యాంపు, నలభై ఒకటో గది.
పై మంచం నాది, కింది మంచం దైవాధీనానిది.
ఇప్పుడక్కడ ఒక నేపాలీ కుర్రాడు పడుకుంటున్నాడు.
గోడ మీద దైవాధీనం రాసుకున్న ఫోన్ నంబర్లు మాత్రం
ఎవరూ చెరపలేదు.

ఆగస్టులో ఇక్కడొక చట్టం ఉంది:
పన్నెండున్నర నుంచి మూడు దాకా
ఎండలో మనిషి పని చేయకూడదు.
ఫోర్‌మన్‌కి స్లాబు తొందర ఉంది.
రెండింటికి మేమిద్దరం ఊచలు కడుతున్నాం,
తొడుగులున్నా ఇనుము చేతుల్ని కాలుస్తోంది.
"నోట్లో ఉమ్ము కూడా ఊరట్లేదురా" అన్నాడు,
కట్టుతీగ చేతిలో ఉండగానే
పక్కకి ఒరిగిపోయాడు.

సాయంత్రం ఆఫీసులో చల్లగా ఉంది.
అరబ్బీ కాగితం, చదివి చెప్పారు:
ఆ వేళకి అందరం నీడలో ఉన్నామని,
అతనికి ముందునుంచే గుండెజబ్బని.
సాక్షి అన్న చోట ఒక గీత, ఖాళీగా.
నా వీసా రెన్యువల్‌కి రెండు వారాలే ఉంది.
పెట్టాను,
వంకర పోకుండా, పూర్తి పేరు.

శుక్రవారం యార్మూక్ చర్చికి బస్సు.
పాస్టరుగారు పరిశుద్ధత గురించి చెప్పారు.
నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని
చివరి బెంచీలో కూర్చున్నాను.
రొట్టె పళ్లెం నా దాకా వస్తే
పక్కవాళ్లకి అందించేశాను,
సైట్లో ఇటుక అందించినట్టు.
"బ్రదర్, సాక్ష్యం ఏమైనా ఉందా?" అని
మైకు పట్టుకొచ్చారు.
ఉంది, ఇచ్చేశాను,
కాపీ ఆఫీసు ఫైల్లో ఉంది.
తల అడ్డంగా ఊపాను.

పద్నాలుగు నెలలు అంతే.
ఉపవాసాలున్నాను. సిగరెట్లు మానేశాను.
నీ దగ్గరికి రావాలంటే
ముందు నేను శుభ్రం కావాలనుకున్నాను,
ఇంటర్వ్యూకి బయల్దేరినవాడిలా.
గోళ్లలో సిమెంటు కూడా పూర్తిగా పోలేదు.

ఒక రాత్రి గోడ మీది నంబర్లలో
"ఎస్తేరు, ఇల్లు" అని ఉన్నదానికి చేశాను.
అక్కడ పదకొండున్నర దాటింది.
ఎండ, ఊచలు, కాగితం, సంతకం,
వరస తప్పి, అన్నీ చెప్పాను.
అటువైపు ఫ్యాను చప్పుడు.
ఎక్కడో ఒక కుక్క మొరిగి ఊరుకుంది.
తిట్టమ్మా, తిట్టు, అని లోపల బతిమాలుకున్నాను.
చాలాసేపటికి,
"అన్నం తిన్నావా?" అంది.

క్షమించానని అనలేదు.
ఇప్పటికీ అనలేదు.
ఇంకోసేపటికి అడిగింది,
"ఆఖర్న నీళ్లన్నా తాగాడా?"
"తాగాడు. నా సీసాలోంచి. రెండు గుక్కలు."
పద్నాలుగు నెలల్లో
నేను చెప్పిన మొదటి సాక్ష్యం అదే.

ప్రభువా,
నిండుకుండ తొణకదంటారు.
నీది తొణికింది,
అర్ధరాత్రి, నేను పస్తు పెట్టిన ఇంట్లోంచి,
ఇంకా కడుక్కోని నా చేతుల మీద.
ఆ రాత్రి లేచి, చల్లారిపోయిన అన్నం
పచ్చడి కూడా లేకుండా తిన్నాను.

ఇవాళ జీతం కోసుకోమని చెప్పి
లేబర్ ఆఫీసులో కూర్చున్నాను.
నా టోకెన్ నూట పన్నెండు. తెర మీద ఎనభై ఏడు.
వీసా పోవచ్చు. కేసు నా మీదికే తిరగొచ్చు.
చేతులు వణుకుతున్నాయి,
పరిశుద్ధులకి వణుకుతాయో లేదో నాకు తెలీదు.
పక్క కుర్చీలో పఠాన్ ముసలాయన
ఖర్జూరాల పొట్లం విప్పి
ఏమీ అనకుండా నా వైపు జరిపాడు.
ఈసారి పక్కవాళ్లకి అందించలేదు.
ఒకటి తీసుకుని తిన్నాను.

గింజ ఇంకా నోట్లోనే ఉంది.
తెర మీద ఎనభై ఎనిమిది.