పెద్ద హెచ్

తెల్లారగట్ల నాలుగున్నర. గ్రిమ్స్‌బీ రేవు.
వేలం హాలు నేల మీద బూట్ల కింద ఐసు నలుగుతోంది.
గోడ మీద నా తెర వెలిగింది.
ధరలున్నాయి, పడవల పేర్లున్నాయి, బరువులున్నాయి.
చేప ఉండాల్సిన చోట
ఒట్టి బూడిదరంగు చదరం.

"నీ చేపలు మళ్ళీ సముద్రంలోకి పోయాయి పిల్లా"
అన్నాడు గ్రాహం బ్లాంచర్డ్, పెట్టెల బండి తోసుకుంటూ.
రాత్రి నా బల్ల మీద అన్నీ ఈదాయని
చెప్పబోయి మానేశాను.
ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు.
ఇంట గెలిచాను.

చలికి వేళ్ళు తడబడుతుంటే లాగ్ తెరిచాను.
నల్. నల్. నల్.
తప్పేమిటో చెప్పదు నల్.
అడిగావు, లేదు, అంటుంది.
కోపం కూడా ఉండదు దానికి.

మొదటి తప్పు ఐదింటికి దొరికింది.
నా కోడ్ ఇంకా నా ఇంటి దారి పట్టుకునే వెతుకుతోంది.
సి డ్రైవు, పనులు, చేపలవేలం, బొమ్మలు,
ఆ దారంతా నా లాప్‌టాప్‌లో ఉంది.
ఇక్కడున్నది మూత బిగించిన జార్.
అందులో వీధుల్లేవు, గుమ్మాల్లేవు,
సి డ్రైవనే ఊరే లేదు.
జార్‌లో ఉన్నదాన్ని దారి అడిగి చేరుకోలేం,
ధార అడగాలి,
కుండ పగలగొట్టకుండా చెంబులోకి వంపించుకున్నట్టు.
ఒక వత్తు వచ్చి, ఒక గుడి పోయింది, అంతే తేడా.
దానికి అరగంట.

మార్చి మళ్ళీ కట్టాను.
పేరు ముందు ఏటవాలు గీత మరిచిపోయి
మళ్ళీ కట్టాను.
కొనేవాళ్ళు వచ్చేస్తున్నారు,
టీ కప్పుల ఆవిరిలో ముక్కులు పెట్టుకుని.
తెర మీదికి కాడ్ వచ్చింది!
ప్లేస్ వచ్చింది, వీపు మీద నారింజ చుక్కలతో.
హాడక్ రాలేదు.
ఆ రోజు హాలు నిండా ఉన్నది హాడక్కే.

జార్ విప్పి లోపలి జాబితా చదివాను,
బియ్యంలో రాళ్ళేరినట్టు, వరుస వెంట వరుస.
ఉంది. అక్కడే ఉంది.
పెద్ద హెచ్‌తో ఉంది.
నేను చిన్న హెచ్‌తో పిలుస్తున్నాను.

నా లాప్‌టాప్‌కి మొహమాటమెక్కువ, ఎలా పిలిచినా పలికేది.
జార్ అలా కాదు.
దీర్ఘం తప్పితే చెవి మెలేసిన బడిలో చదివినదాన్ని,
వత్తు మరిస్తే గోడకుర్చీ వేసినదాన్ని,
కానీ అక్షరాల్లో పెద్దా చిన్నా మాకు లేవు.
'ర' రాజులోనూ అంతే ఉంటుంది,
రొయ్యలోనూ అంతే ఉంటుంది.
ఇన్నేళ్ళు ఇక్కడుండీ
నా వేళ్ళు ఆ సంగతి మరవలేదు కాబోలు.

"దీనొక్కదానికీ పెద్దక్షరం ఎవరు పెట్టారు?"
గ్రాహం టోపీ వెనక్కి నెట్టుకున్నాడు.
బొమ్మలన్నీ వేసింది డోరీన్,
ముప్ఫై ఏళ్ళు ఫిల్లెటింగ్ కత్తి పట్టిన మనిషి.
స్కాన్ చేసి పేర్లు కొట్టింది ఆఫీసు కుర్రాడు.
హాడక్ దగ్గర మాత్రం వాణ్ణి కుర్చీలోంచి లేపి
ఒక్క వేలితో తనే కొట్టిందట.
"నా ఇంటద్దె కట్టింది ఆ చేప,
దాని పేరు పేరులా ఉండాలి" అందట.

ఫైలు పేరు మార్చేస్తే అరనిమిషం పని.
వేలు దాని మీదే ఉంది.
తీసేశాను.
కోడ్‌లో ముప్ఫై ఏడో వరుసకి వెళ్ళి
నా చిన్న హెచ్‌ని పెద్దది చేశాను.
షిఫ్టు మీట ఐసులా ఉంది.

ఆరుకి ఎనిమిది నిమిషాలు. గంట కొట్టారు.
తెర మీద హాడక్,
భుజం మీద నల్లటి బొటనవేలి మచ్చతో,
తోక దగ్గర నీటిరంగు కాస్త చెదిరి.
ఎవరూ దాన్ని చూడలేదు.
అందరి కళ్ళూ పక్కనున్న ధర మీద.

గ్రాహం ఒక్కడు దాని కింద ఆగి
"రేపూ ఉంటుందా?" అన్నాడు.
ఉంటుందనే అన్నాను.
లాగ్ మాత్రం మూయలేదు.