ముంజేయి కొలత

మగ్రిబ్ పిలుపు ఆగాక
గోల్కొండ వెనక, పేరు చెరిగిపోయిన ఓ సమాధి గుమ్మానికి
ఉల్లిపొరంత పల్చటి వల కట్టాం.
మూడో నిమిషంలో మొదటి గబ్బిలం పడింది.

నూలుసంచిలో వేసి తూచాను. ఇరవై నాలుగు గ్రాములు,
సంచి బరువు తీసేస్తే.
రెక్క విప్పితే తడిసిన గొడుగు గుడ్డ,
అంచున గొడుగు పుల్లలా ముంజేయి.
"అరవై ఒకటి" అన్నాను.
రాస్తున్న జహంగీర్ సాబ్ తలెత్తలేదు.
ఈ కాపలా కొలువుకి ముందు ఆయన కార్వాన్‌లో దర్జీ.
అంకెలు చెబితే చాలు, చెయ్యి దానంతటదే రాసుకుపోతుంది.

మా డిపార్ట్‌మెంట్ గోడకి ఒక పటం.
ఈ జాతి దొరికిన చోటల్లా ఎర్ర గుండుసూది.
ఉత్తరాది గుహల్లో పెద్దవి,
కిందికి దిగేకొద్దీ చిన్నవి:
చలికి ఒళ్ళు పెరుగుతుంది, వేడికి తరుగుతుంది
అని మా సార్ స్కేలు పెట్టి గీసిన గీత.
హైదరాబాద్ మాత్రం గీత మీద నిలవదు.
ఉండాల్సినంత ఉండదు ఇక్కడి గబ్బిలం.
ఎందుకో తెలీదు. ఆ గడి ఖాళీ.

వల్లో చిక్కిన గోరు విడదీస్తూ ఇదంతా చెప్పాను.
సాబ్ పెన్ను మూత పెట్టాడు.
"ఇరవై రెండేండ్లు స్కూల్ డ్రెస్సులు కుట్టిన బిడ్డా.
గుట్ట మీది బడికి, నాలా పక్క బడికి.
ఒకటే తరగతి. ఒకటే ఈడు. ఒకటే ఎండ.
చెయ్యి కొలిస్తే రెండు వేళ్ళు తక్కువొచ్చేది, నాలా దిక్కు.
నీ పటంల ఆ రెండు బడుల నడుమ
సూది గుచ్చే జాగ గూడ ఉండదు."

దూరంగా కొత్త టవర్ల దీపాలు.
వాటి కింద ఒకప్పుడు చెరువుండేదట,
చెరువు మీద పురుగుల మబ్బు.

తర్వాతది ఆడది, చూలుది.
తూకం లెక్కలోకి రాదు, అది నియమం.
ముంజేయి అరవై.
వదిలితే వెంటనే పోలేదు,
నా చొక్కా చేతిని పట్టుకుని కాసేపు
ఊపిరి తీసుకుని పోయింది.

సాబ్ జేబులోంచి పాత టేపు తీశాడు.
కొసన ఇత్తడి ఊడిపోయింది.
"నీ చెయ్యి ఇయ్యి."
మోచేతి నుంచి మణికట్టు దాకా పరిచాడు.
"ఏ ఊరు?"
"మక్తల్ దగ్గర."
"కరువు సాలు పుట్టినవా?"

అంకె చెప్పలేదు.
టేపు చుట్టుకుని, అరవై కింద
ఏదో రాశాడు, ఉర్దూలో,
కుడి నుంచి ఎడమకి.