పంటి గాటు

ఉలాన్‌బాతర్‌లో చలి, మైనస్ ముప్పై.
ఓయున్‌గెరెల్ పొయ్యి పక్కన కూర్చుని
బడులు పారేసిన రంగు పెన్సిళ్లు ఏరుతోంది.
నీలాలన్నీ చిటికెన వేలంత.
ఇక్కడ ఎవరైనా ముందు ఆకాశమే గీస్తారు.
తెల్లవి మాత్రం కొత్తగానే మిగిలాయి,
పెళ్లిలో ఎవరూ పలకరించని దూరపు చుట్టాల్లా.

ముక్కులు చెక్కింది.
మరీ పొట్టివాటికి పాత పెన్ను గొట్టాలు తొడిగింది.
కొరికిన చివర్లు గరుకు కాగితంతో రుద్దింది,
ఒక్కటి తప్ప.
మరిచిందో, వదిలిందో.

కొండవాలు గుడారంలో
అది తెమూలెన్‌కి దొరికింది.
వాడు వెంటనే గీయలేదు.
ఆ గాట్లలో తన పళ్లు ఆనించి చూశాడు.
సరిగ్గా కూర్చున్నాయి,
నడిమి సందు దగ్గర తప్ప.

“పాపం, వీడికింకా
ముందు పన్ను ఊడలేదు”
అన్నాడు,
పెద్దన్నలా.