వాషర్లు

తుమ్మలపెంట రొయ్యల గుంట కాడ
మేత బస్తాల వెనకాల నిలబడి ఉండాది అది.
అద్దం మీద కోడిరెట్ట, మోకాళ్ళ దాకా చెదలు.
కాపలా మనిషి బీరువా అనుకున్నాడంట,
లోపల దోమతెర, డీజిలు డబ్బా, ఒంటి చెప్పు.
"పొయ్యిలోకి పోయే చెక్కే కదా సామీ,
ఆరొందలియ్" అన్నాడు.
బేరమాడలా నేను.
ఆడుంటే నా గొంతే నన్ను పట్టిచ్చేది.

ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి
తల కింద గోనెసంచి పెట్టి కావలి తెచ్చా.
రైలు గేటు కాడ ఒకామె తొంగిచూసి
"ఎవురికి బాగలేదు నాయనా?" అనింది.

మోటార్లు చుట్టే చేతికి ఇదేం కొత్త పని కాదు గానీ
పిక్చర్ ట్యూబుకి మాత్రం భయపడాల.
ఎన్నేళ్ళు నిద్రపోయినా నమ్మకూడదు దాన్ని.
స్క్రూడ్రైవరుకి ఎర్తు వైరు కట్టి
రబ్బరు మూత కిందకి మెల్లిగా దూర్చా.
ఉలకలా, పలకలా.
అదీ భయమే.

ఉబ్బిన కెపాసిటర్లు పదకొండు.
ఎలకలు కొరికిన వైర్లు లెక్కపెట్టలా.
అడుగు పలక కోసేసి పడవలకేసే ప్లై వేశా,
ఉప్పుగాలి కదా మాది.
స్టిక్కు విప్పితే ఎడమ స్విచ్చు అరిగి మూగబోయింది,
కుడిది ఇంకా టిక్కుమంటానే ఉండాది.
అందరం ఎడమకే పారిపోయేవాళ్ళం కాబోలు.
రెండో ఆటగాడి బటన్లు మాత్రం
నిన్న బిగించినంత ఎర్రగా.
రెండో రూపాయి ఎవరి కాడుండేది?

నా కాడ మొదటిదీ ఉండేది కాదు.
మా నాయన బిట్రగుంట షెడ్డులో ఖలాసీ,
ఆయన జేబులో ఎప్పుడూ వాషర్లు.
ఆకురాయితో రూపాయంత చేసి
జిలానీ భాయ్ అటు తిరిగినప్పుడు వేసేవాణ్ణి.
ఇనుము పడే చప్పుడు వేరు.
దాన్ని దాచను దగ్గేవాణ్ణి.
నాకు ఉబ్బసమని వీధంతా అనుకునింది.

డబ్బుల అర తాళం పగలగొట్టబుద్ధి కాలా.
ముసునూరు పోయి ఆయన్ని వెతికి
గుమ్మంలోనే చెప్పేశా,
"భాయ్, ఆ వాషర్లు నేనే."
ఆయన తల పైకెత్తి కప్పు చూపించాడు.
"బోల్టు బోల్టుకీ నీవేరా మాల్యాద్రీ.
ఎన్ని గాలివానలొచ్చినా ఒక్క రేకు లేవలా.
నువ్వు మానేసినాక
వంటింటి వైపుకి కొనాల్సొచ్చింది.
ఆ వైపే కారతది."

అప్పడాల డబ్బా కుమ్మరిస్తే తాళంచెవి దొరికింది.
అరలో సాలెగూడు, సాగ్గొట్టిన సోడామూత ఒకటి.
నాకన్నా లేనోడెవడో.

ఆ రాత్రి స్విచ్చేస్తే
ముందు కాలిన దుమ్ము వాసన,
తర్వాత మూలుగు,
బొమ్మ నాలుగుసార్లు దొర్లి నిలబడింది.
భాయ్ రెండో వైపు నిలబడ్డాడు.
అన్నేళ్ళు కొట్టు నడిపి ఒక్క ఆటా ఆడలేదంట,
"కరెంటు బిల్లు కట్టేవాడికి ఆటేందిరా" అంటాడు.
జేబులోంచి రూపాయి తీసి వేశాడు.
జారి కిందకొచ్చేసింది.
మళ్ళీ వేశాడు. మళ్ళీ వచ్చింది.
ఇప్పటి రూపాయి చిన్నదైపోయింది,
పెట్టెకి అది డబ్బే కాదు.

ఆకురాయి తీసుకున్నా.
రెండు వాషర్లు, వేడివేడిగా.
అలవాటు కొద్దీ దగ్గొచ్చింది.
జిలానీ భాయ్, ఏమీ అనకండా,
అటు తిరిగి నిలబడ్డాడు.