మంచుల పడ్డ నల్లాలు

మే నెల. బోరబండ గుట్ట మీద
రేకుల కప్పు కింద మా ఆఫీసు.
ఫ్యాను తిరుగుతనే ఉంటది,
గాలి మాత్రం ఇంకెవరింటికో పోతది.

రెండొందల పదమూడు నల్లాలు.
ఇరవై దినాలు తిరిగినం, నేనూ సైదులూ.
ఒక్కో నల్లా కాడ ఫోను పైకెత్తి
ఉపగ్రహాలు అందేదాక నిలబడి
అంకెలు నోటుబుక్కుల ఎక్కిచ్చినం.

లైసెన్సు కొనే తాకతు మా సంస్థకు లేదు.
ఎక్కడెక్కడోళ్ళో రాత్రిళ్ళు కూసొని రాసి
ఊరికెనే ఇడిసిపెట్టిన సాఫ్ట్‌వేర్ దించుకున్నం.
పాత ల్యాప్‌టాప్ మూలిగి మూలిగి
తెరిచింది.

ఫైలు ఏసిన.
తెర మీద బోరబండ ఉన్నది, మోతీనగర్ ఉన్నది,
నల్లాలు లేవు.
మధ్యల ఒక్క ఎర్ర చుక్క.
మరకనుకొని చున్నీతోని తుడిచిన.

అన్నీ చూపియ్ అని బటన్ నొక్కితె
బస్తీ చిన్నగయింది, పట్నం చిన్నగయింది,
దేశం అరచేతంత అయింది.
అప్పుడు కనపడ్డయ్,
పైన, తెల్లగ, ఉత్తర ధ్రువం దిక్కు
ఏదో దీవి మంచుగడ్డల మీద
మా నల్లాలు.
బిందెలు లేని లైను లెక్క.

సైదులు నవ్విండు.
సోమవారం జలమండలి సారుకు చూపియ్యాల్సింది
వాడు గాదు గద.

మూడు దినాలు కొట్లాడిన.
తీసేసి మళ్ళ ఏసిన. బందు చేసి మళ్ళ తెరిచిన.
దండం గూడ పెట్టిన.
ఎవర్నన్న అడుగుదామంటె ఏమని అడగాలె?
మా బస్తీ మంచుల పడ్డదనా?
ఏం జేసిన, ఏం కావాలనుకున్న, ఏం అయింది,
గీ మూడు ముక్కలు సక్కగ చెప్పరాక
"పని జేస్తలేదు" అంటం,
దవాఖానకు పోయి "బాగలేదు" అన్నట్టు.

ఆఖరికి యూసుఫ్‌గూడల బస్సు దిగి
నిఖత్ కాడికి పోయిన.
పగలు కాలేజీల పిల్లలకు భూగోళం చెప్తది,
రాత్రి అదే సాఫ్ట్‌వేర్‌ల తప్పులు ఏరుతది,
బియ్యంల రాళ్ళేరినట్టు. ఎవ్వరూ జీతమియ్యరు.

తిట్టలే. నవ్వలే.
"వెర్షన్ ఎంత?" అన్నది. చెప్పిన.
"మొదటి అయిదు వరుసలు చూపియ్." చూపిచ్చిన.
చాయ్ గ్లాసు కింద పెట్టకుంటనే
తెర మీద ఏలు పెట్టింది.
"ఎక్స్ జాగల పదిహేడు, వై జాగల డెబ్బై ఎనిమిది.
ఉల్టా అయింది బాజీ.
మన నోటికి అక్షాంశం ముందొస్తది,
మిషన్‌కు రేఖాంశం ముందు కావాలె.
నువ్వొక్కదానివే అనుకోకు,
నా మొదటి పటంల మా అమ్మీ ఇల్లు
గా మంచులనే ఉండె."

రెండు గడులు మార్చిన.
నల్లాలన్నీ ఒక్కపారే దిగొచ్చి
గుట్ట మీద వాలినయ్,
తీగ మీద కాకులు వాలినట్టు.

లెక్కపెడితె రెండొందల పన్నెండు.

ఒకటి మంచుల ఉన్నది.
నూటనలభై ఏడో వరుస.
ఆ దినం ఎండకు తల తిరిగి సైదులు
అన్నిటికీ ఎదురు రాసిండు,
అంటె మిషన్‌కు సక్కగ రాసిండు.
నేను చున్నీతోని తుడిచిన మరక ఇదే.
అందరితోని పాటు తిరగేస్తె
ఇంటి కాడున్నది ఎల్లిపోయింది.

ఎవరిదని చూస్తె పెంటమ్మది.
పైన ఆఖరి గల్లీ.
లైను ఉన్నది, ప్రెషర్ అంతదాక ఎక్కది.

ఆ ఒక్క వరుస చేత్తోని దిద్దొచ్చు,
కుర్సీల నుంచి లేవకుంట.
అయినా గుట్టెక్కిన, ఇంకోసారి ఫోను పైకెత్తుదామని.
అంకెలు పడేదాక ఊరుకోలేక
జరిగింది ముసలామెకు చెప్పిన:
అవ్వా, నీ నల్లా శాన దూరం పోయింది,
గడ్డ కట్టిన నీళ్ళ నడుమ నిలబడ్డది.

పెంటమ్మ ఖాళీ బిందె బోర్లిచ్చి
దాని మీద కూసొని
శానసేపు ఆలోచన చేసింది.
"అప్పుడే వాపసు తేకు బిడ్డా" అన్నది.
"నాలుగు దినాలు గాడనే ఉండనియ్యి.
గాడనన్న నీళ్ళ మొఖం చూస్తది."