ఇంజను చల్లారేదాకా

చేతి తొడుగు తీసి బానెట్ మీద అరచెయ్యి ఆన్చాను.
వెచ్చగా ఉంది.
మైనస్ ఇరవై ఎనిమిదిలో, ఉదయం తొమ్మిదింటికి,
ఉలాన్‌బాతర్ పాతకార్ల సంతలో
వెచ్చగా ఉన్నది ఏదైనా సరే
అనుమానించాల్సిందే.

"నేనొచ్చే ముందే స్టార్ట్ చేశావా?"
"మీరు చలికి ఆగలేరని, అక్కా" అన్నాడు గొంబోదోర్జ్.
ఎంత మర్యాద!
జ్వరం మనిషికి పౌడరద్ది
పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినంత మర్యాద.

కోటీ పద్దెనిమిది లక్షల తుగ్రిక్‌లట.
జపాన్‌లో ఎవరో వాడి వదిలేస్తే
సముద్రం దాటి, రైలెక్కి వచ్చిన చిన్న హైబ్రిడ్ బండి.
స్టీరింగు కుడివైపు. మేం నడిపేదీ రోడ్డుకి కుడివైపే.
ముందున్న లారీని దాటాలంటే
పక్కసీట్లో మనిషి కళ్ళు అప్పు తీసుకోవాలి.
నా పక్కసీట్లో రొట్టెల బుట్టలే కూర్చుంటాయి.
వాటికి కళ్ళు లేవు, అందుకు కొంత తగ్గించమన్నాను.
వారంలో ఒకరోజు, నంబరు చివరి అంకెను బట్టి,
ఇంట్లో పడుకుంటుంది కదా, అందుకు కొంత.
"ఊళ్ళో బండ్లన్నీ పడుకుంటాయక్కా!"
"అయితే అన్నిటికీ తగ్గించాలి.
తొంభై."
అతను నవ్వాడు. నవ్వు ఆవిరై
మా ఇద్దరి మధ్య కాసేపు నిలబడి
ఎటు పోవాలో తెలీక పోయింది.

"సరే, ఆపెయ్. చల్లారేదాకా లోపల కూర్చుంటాను.
అప్పుడు మళ్ళీ స్టార్ట్ చెయ్యి. ధర అది చెబుతుంది."

ఫ్లాస్కులో ఉప్పు వేసిన పాల టీ. ఒకటే మూత, వంతులేసుకుని తాగాం.
మొదటి అరగంట బండి గొప్పలు:
లీటరుకెంత, టైర్లెంత, గీతలెన్ని లేవు.
తర్వాత ఎంజిన్‌తో పాటు అతనూ చల్లబడ్డాడు.
అద్దాల లోపల మా ఊపిరి మంచై పేరుకుంటుంటే
గోటితో దాన్ని గీకుతూ చెప్పాడు:
మూడేళ్ళ కిందట మంచుకు మంద అంతా పోయిందని,
మిగిలిన పదకొండు గొర్రెలమ్మి నగరానికి వచ్చానని,
ఈ సీట్లోనే రెండు చలికాలాలు టాక్సీ తోలానని.
"మా నాన్న గుర్రం బేరం అంగీ చేతుల్లోపల
వేళ్ళతో చేసేవాడు. మాట బయటికి రానిచ్చేవాడు కాదు."
"పక్కవాళ్ళు చూడకుండానా?"
"కాదు, గుర్రం వినకుండా."

నేనేమీ అనలేదు.
జాలిపడితే జేబు చిరుగుతుంది.
నాకూ నెలకో వాయిదా ఉంది, పొయ్యి మీద అప్పు ఉంది,
పదకొండు దుకాణాలు ఆరింటికల్లా రొట్టె కావాలంటాయి.

పది దాటాక బటన్ నొక్కాడు.
తెర వెలిగి ఆడగొంతు జపనీసులో ఏదో చెప్పింది.
"ఏమంటోంది?"
"ఎవరికి తెలుసు. రోజూ అదే అంటుంది."
దీపాలు మసకబారాయి. ఒక దగ్గు.
మళ్ళీ నొక్కాడు. రెండు దగ్గులు.
మూడోసారికి, పాత తాతలా,
బండంతా వణుకుతూ లేచింది.

అతను నావైపు చూడలేదు.
"చిన్న బ్యాటరీ మార్చాలి" అన్నాడు.
"పెద్దది?"
ఇంజను చప్పుడు మాత్రమే.
"వచ్చే చలికాలం దాకా ఉంటే ఉంటుంది" అన్నాడు చివరికి.
పొద్దున్నుంచీ అతను చెప్పినవాటిలో
నేను డబ్బిచ్చి కొనదగ్గ మాట అదొక్కటే.

అప్పుడు నా కోటు చెయ్యి ముందుకు చాచాను.
ఒక్క క్షణం అర్థం కాలేదతనికి. తర్వాత
తన మొద్దు వేళ్ళు లోపలికి పెట్టాడు.
మంచుముక్కలు.
నాకు ఆ లెక్క రాదు. ఏ వేలికి ఎంతో తెలీదు.
నొక్కాడు, నేను నొక్కాను,
తల అడ్డంగా ఊపాడు, నేనూ ఊపాను.
ఇద్దరం గట్టిగా నవ్వేశాం.
చివరికి నోటితోనే తేలింది:
కోటీ లక్ష.

ఐదువందల ఐదు నోట్లు, ఇరవైవేలవి.
వేళ్ళు మొద్దుబారి రెండుసార్లు తప్పు లెక్కపెట్టాను,
రెండుసార్లూ అతనికే ఎక్కువ వచ్చింది,
రెండుసార్లూ అతనే చెప్పాడు.

తాళం ఇచ్చేటప్పుడు మాత్రం
బండికి కాస్త ఎడంగా నన్ను పిలిచి,
గొంతు బాగా తగ్గించి అన్నాడు:
"రాత్రి బ్యాటరీ పీకి ఇంట్లో పెట్టుకో, అక్కా.
పొయ్యి దగ్గర.
కానీ మరీ దగ్గరగా వద్దు."